‘వ’కూ ‘ప’కూ మధ్య కోణం

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడ్డాయి. ఆఫీసుల మీద, బడుల మీద, దుకాణాల మీద బోర్డులు మళ్లీ రాయించుకోవలసి వచ్చింది. జిల్లాకు ఏ పేరు పెట్టాలన్నదాని మీద ఎన్ని వాదాలైనా నడుస్తాయి కానీ, ఆ పేరు ఏ రూపంలో కనిపించాలన్నది మనకు పెద్దగా పట్టదు. బోర్డు రాసేవాడి ఇష్టానికో, డీటీపీ సెంటర్లో ఉన్న ఫాంటుకో వదిలేస్తాం. ఇక్కడ ఆ రెండో ప్రశ్నే చర్చ. లావుగా, ఒకే మందం గీతతో, మలుపు మలుపుకూ కోణం తేలి, దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే హెడ్డింగు అక్షరాలు ఇంగ్లీషులో కావలసినన్ని ఉన్నాయి. తెలుగుకు అలాంటి అక్షరం నప్పుతుందా? వాదించుకునేవాళ్లు ఇద్దరు. ఒకరు గద్వాలలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన సారు. రెండోవాడు నాగర్‌కర్నూలు నుంచి వచ్చి ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు ఫాంట్లు గీసి బతుకుతున్న శిష్యుడు. ఇద్దరూ కల్పితులే, వాళ్లు చూపే సాక్ష్యాలు మాత్రం కల్పితాలు కావు. నా మొగ్గు శిష్యుడి వైపు. అయినా సారు ఊరికే ఓడిపోయే మనిషి కాదు.

సారు: నువ్వు గీసిన అక్షరాలు చూశాను నాయనా. బలం ఉంది, కాదనను. కానీ అవి తెలుగు అక్షరాల్లా లేవు, తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరాల్లా ఉన్నాయి. ఆ బాపతు అక్షరం ఎక్కడ పుట్టిందో నీకు తెలియంది కాదు. 1816లో లండన్‌లో కాస్లన్ వంశంవాళ్లు సెరిఫ్, అంటే గీత చివర తోక, లేని మొదటి అచ్చు అక్షరాలు పోతపోశారు. అందులో ఉన్నవన్నీ పెద్ద బడి అక్షరాలే. వాళ్ల పెద్ద బడి అక్షరాల్లో ఈ, ఎఫ్, హెచ్, టీ లాంటివి పుట్టుకతోనే నిలువు గీతలు, అడ్డ గీతలు. వాటి చివర్ల తోకలు కత్తిరిస్తే కోణం తనంతట తానే బయటపడుతుంది. మనకు పెద్ద బడీ లేదు, చిన్న బడీ లేదు. ఉన్నది ఒక్కటే వరస, అదీ గుండ్రం. తాటాకు మీద ఘంటంతో అడ్డంగా గీత లాగితే ఆకు ఈనె వెంట చీలుతుంది. అందుకే మన పెద్దలు చేతిని తిప్పుతూ రాశారు. శతాబ్దాల తరబడి చేయి అలవాటు చేసుకున్న మలుపును నువ్వు మౌస్ పట్టుకుని ఒక్క రోజులో విరిచేస్తానంటే ఎలా?

శిష్యుడు: కాస్లన్ సంగతి ఒప్పుకుంటాను సార్. తాటాకు సంగతే సగం ఒప్పుకుంటాను. ఆకు చీలుతుందన్న భయమే గుండ్రానికి కారణమైతే తమిళం కూడా గుండ్రంగానే ఉండాలి కదా. అదే తాటాకు, అదే ఘంటం. అయినా వాళ్ల క, ట, ప అడ్డగీతలూ నిలువుగీతలూ వదలలేదు. పోనీ రాయిని చూద్దాం. రాయి చీలదు. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం దాదాపు క్రీ.శ. 575 నాటిది, మనకు తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి. అక్కడ ఉలికి ఆకు భయం లేదు, అయినా అక్షరం వంపు తిరిగే ఉంది. అంటే గుండ్రదనం పనిముట్టు మెడ మీద కూర్చుని చేయించింది కాదు, మనవాళ్లు ఎంచుకున్నది. ఇంకా వెనక్కి వెళితే తుంగభద్ర దాటాక కర్నూలు జిల్లాలో ఎర్రగుడి, రాజుల మందగిరి ఉన్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటి అశోకుడి బ్రాహ్మీ రాతలు. ఆ బ్రాహ్మీలో ‘గ’ అంటే పైన కలిసి కింద విడిపోయే రెండు గీతలు, అంతే. మందంలో తేడా లేదు, చివర అలంకారం లేదు, నెత్తిన పదునైన కోణం. గద్వాల పేరులో మొదటి అక్షరానికి మూలపురుషుడు అదే. ఇప్పటి ‘గ’ తలకట్టు కాస్త పక్కన పెట్టి చూడండి, ఆ రెండు గీతలే వంగి భుజాలు దించుకుని నిలబడి ఉంటాయి.

సారు: తాత ముక్కు సూటిగా ఉండేదని మనవడి ముక్కు చెక్కుతామా? అశోకుడి నాటి పాఠకుడు ఇవాళ పాత బస్టాండు దగ్గర నిలబడి బోర్డు చదవడు. ఇవాళ చదివేవాడి కన్ను గుండ్రానికి అలవాటు పడింది. నువ్వన్నట్టు అది ఎంచుకున్నదే అయితే నా వాదం ఇంకా గట్టిపడుతుంది. పనిముట్టు మారితే పోయే అలవాటు కాదది, జనం ఇష్టపడి నిలుపుకున్నది.

శిష్యుడు: ఇష్టపడ్డది నిజమే. కానీ అన్ని చోట్లా అదొక్కటే కావాలని అనుకోలేదు. మీ జిల్లాలోనే ఆలంపురం ఉంది. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల ఊరు. అక్కడ విజయాదిత్యుడి కాలంలో, 713లో, ప్రాకారం కట్టిన సంగతి చెప్పే శాసనం ఒకటి సిద్ధమాతృక లిపిలో ఉంది. లిపి చరిత్ర రాసినవాళ్లు ఆ లిపికి లఘుకోణ లిపి అని మారుపేరు పెట్టారు, గీత కింద కొనలు అంత పదునుగా విరుగుతాయి గనుక. చుట్టుపక్కల మిగతా శాసనాలు మన తెలుగు-కన్నడ లిపిలో గుండ్రంగా ఉన్న కాలంలోనే, ఆ ఊళ్లోనే, కోణాల అక్షరం రాతికెక్కింది.

సారు: ఎక్కింది. ఎక్కి ఏం చేసింది? అది ఉత్తరాది లిపి, సంస్కృతం రాయడానికి వచ్చింది. ప్రాకారం మీద నిలబడింది గానీ ఊళ్లోకి దిగలేదు. తర్వాత ఈ నేల మీద కాకతీయులు పాలించారు, విజయనగరం వాళ్లు పాలించారు, గద్వాల, వనపర్తి సంస్థానాలు నడిచాయి. ఎవరి రాతలోనూ ఆ కోణం కనపడదు. నువ్వు తెచ్చిన సాక్షి నా పక్షాన చెబుతున్నాడయ్యా.

శిష్యుడు: ప్రాకారం మీద నిలబడిందన్నారు చూడండి సార్, నాకు కావలసింది ఆ మాటే. రాజు గొప్పగా చాటుకోవలసిన చోట ఒక రకం అక్షరం, రోజూ రాసుకునే చోట ఇంకో రకం. ఆ ఊరు రెండింటినీ ఉంచుకుంది. నేను అడుగుతున్నది కూడా అంతే. కోణాల అక్షరంతో నవల అచ్చు వేద్దామనడం లేదు, పాఠ్యపుస్తకం వేద్దామనడం లేదు. బోర్డు, పోస్టరు, పత్రిక మొదటి పేజీ హెడ్డింగు, వీటికే. ఈ పని విభజన తెలుగు అచ్చుకు కొత్త కాదు. ‘సురవరం’ అనే ఫాంటు ఉంది. తెలుగు భాగాన్ని పురుషోత్ కుమార్ గుత్తుల గీశారు, సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా అందరికీ వదిలారు. వార్తాపత్రికల శీర్షికల కోసం చేసింది అది. దానికి ఎవరి పేరు పెట్టారు? ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సంపాదకుడు, మన గద్వాల నేల మనిషి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినవాడు. ‘రామభద్ర’ కూడా ఆ వరసలోదే, కావాలనే నల్లగా లావుగా గీశారు. దాంతో పేజీలు పేజీలు ఎవరూ చదవరు, పెళ్లిపత్రిక మీద పేరు చదువుతారు. దానికోసమే అది పుట్టింది.

సారు: ప్రతాపరెడ్డి గారిని అడ్డం పెట్టుకోకు. ఆయన పేరున్న ఫాంటు లావుదే గానీ నీ బాపతు కోణాలది కాదు. పైగా ఆయన పద్ధతి నేర్చుకుంటే నీకే మంచిది. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే ఆయన గొంతు చించుకోలేదు, 1934లో గోలకొండ కవుల సంచిక వేసి 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. నువ్వూ అలా నిలబెట్టు. బ్రాహ్మీ, ఆలంపురం వదిలేయ్. ఇవాళ్టి అక్షరాలు పట్టుకో. మందంలో హెచ్చుతగ్గులు లేని తెలుగు నాకూ సమ్మతమే. తిరుమల కృష్ణ దేశికాచారి గారు ‘పోతన’తో పాటు ‘వేమన’ చేశారు. పోతనలో లావూ సన్నం ఉంటాయి, వేమనలో గీతంతా ఒకే తీరు. జనం దాన్ని హాయిగా చదివారు. ఎందుకంటే గీత మందం మారినా మలుపు మారలేదు. నీ గొడవంతా మలుపుతో. ‘వనపర్తి’ రాయి. అందులో ‘వ’ ఉంది, ‘ప’ ఉంది. రెండింటికీ తేడా ఎక్కడ? ‘ప’ ఎడమవైపు పైకి తెరుచుకుని ఉంటుంది, ‘వ’ ముడుచుకుని మూసుకుంటుంది. ఆ ముడుపు గుండ్రంగా తిరగబట్టే అది ముడుపని తెలుస్తోంది. దాన్ని విరిచి, పైగా గీత లావు చేస్తే వనపర్తి పనపర్తి అవుతుంది.

శిష్యుడు: పనపర్తి అయితే ఆ ఫాంటు చెత్తబుట్టకే. అందులో రెండో మాట లేదు. కానీ తప్పు కోణానిది కాదు, కోణం పెట్టిన చోటుది. ప్రతి అక్షరంలోనూ రెండు రకాల మలుపులుంటాయి. చేయి ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోవడానికి తిరిగే మలుపు ఒకటి. ఆ అక్షరాన్ని పక్కదాని నుంచి వేరుచేసే మలుపు రెండోది. ‘వ’కూ ‘ప’కూ కింద అడుగు వంపు ఒక్కటే. అది గుండ్రంగా ఉన్నా పలకలుగా ఉన్నా ఎవరూ దేన్నీ ఇంకోటి అనుకోరు, కాబట్టి అక్కడ కోణం పెట్టుకోవచ్చు. ఎడమ ముడుపు మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దాన్ని ఇంకా విప్పాలి తప్ప బిగించకూడదు. ‘మ’, ‘వు’ చూడండి. ‘వ’కు కొమ్మును మామూలు అక్షరాలకు తగిలించినట్టు పక్కన తగిలిస్తే అచ్చంగా ‘మ’ అయిపోతుంది. అందుకే మన లిపి ‘పు’, ‘వు’లకు కొమ్మును కిందికి దించి తగిలించింది. ఎవరో అజ్ఞాత లేఖకుడు చేసిన సవరణ అది. నా కోణాలు ఆ సవరణను చెరపకూడదు. ‘థ’ పొట్టలో చుక్క ఉంది. అశోకుడి బ్రాహ్మీలో ‘థ’ అంటే గుండ్రంలో చుక్క. రెండు వేల మూడు వందల ఏళ్లుగా ఆ చుక్క నడిచి వస్తోంది. గీత లావెక్కితే మొదట పూడిపోయేది అదే. పూడితే ‘కథ’ ‘కధ’ అవుతుంది. జనం ఎటూ చేసే తప్పును ఫాంటు కూడా చేసిపెట్టినట్టు అవుతుంది. ఇలాంటి చోటే కోణం నాకు అక్కరకొస్తుంది సార్. ఒకే వెడల్పు ఉన్న చదరాన్నీ వృత్తాన్నీ కొలవండి. చదరంలో వృత్తం నింపేది నూటికి 78.5 వంతులే, మిగతాది మూలల్లో ఉంటుంది. గీత బయట ఎంత లావైనా, లోపలి తెలుపును పలకగా కోస్తే ఆ మూలల జాగా మిగులుతుంది, చుక్క నిలబడుతుంది. గుండ్రంగా ఉంచి లావు చేసిన ‘థ’ కంటే పలకగా కోసి లావు చేసిన ‘థ’ దూరానికి బాగా తెలుస్తుంది.

సారు: లెక్క బాగుంది. మరి తలకట్టు? సెరిఫ్ లేని అక్షరం అంటూ రేపు తలకట్టు కూడా పీకేస్తావేమో.

శిష్యుడు: సెరిఫ్ గీతకు చివర అలంకారం. తలకట్టు అలంకారం కాదు. ‘క’ మీద తలకట్టు ఉంటే అకారం, దాని చోట గుడి వస్తే ‘కి’, ఎత్వం వస్తే ‘కె’. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి వాటికి తలకట్టే లేదు. అచ్చును మోసే గుర్తును పీకితే గుణింతం కూలుతుంది. తలకట్టు ఉంటుంది, దాని రెండు రెక్కలూ తిన్నగా విరుగుతాయి. టిక్కు గుర్తులాగా ఉండే ఆ గీత ఎప్పటినుంచో కోణమే. తెలుగు అక్షరం మీద మీకు రోజూ కనపడే కోణం అది, గమనించరంతే.

సారు పక్షాన ఇక్కడ నేనొక మాట కలపాలి. శిష్యుడు చెప్పిన రెండు రకాల మలుపుల సూత్రం కాగితం మీద బాగుంది, గీతలోకి వచ్చేసరికి అంత శుభ్రంగా విడిపోదు. ఒక అక్షరంలో చేయి తిరగడానికి ఉన్న మలుపే ఇంకో అక్షరంలో గుర్తు పట్టించే మలుపవుతుంది. అందుకని ఒకే కోణాన్ని అక్షరాలన్నింటి మీదా అచ్చుగుద్దినట్టు వేసే ఫాంటు తెలుగులో పనికిరాదు. ఇంగ్లీషు పెద్ద బడికి ఇరవై ఆరు అక్షరాలు. ఒక మూల ఎలా కోయాలో తేల్చుకుంటే పని చాలావరకు అయిపోతుంది. మనకు గుణింతాలూ వత్తులూ కలిసి వందల రూపాలు, ఒక్కో రూపంతో విడిగా బేరమాడాలి. సారు తర్వాతి ప్రశ్న సరిగ్గా అక్కడికే వచ్చింది.

సారు: వత్తుల సంగతి చెప్పు. మన మూడు ఊళ్ల పేర్లే పరీక్ష. గద్వాలలో ‘ద’ కింద ‘వ’ వత్తు. వనపర్తిలో ‘ర’ మీద గుడి, కింద ‘త’ వత్తు. నాగర్‌కర్నూల్ అయితే ఇంకా కష్టం. ‘ర్’ దగ్గర పొల్లు పైకి లేస్తుంది, ‘ర్నూ’లో పక్కన కొమ్ము దీర్ఘం, కింద ‘న’ వత్తు, చివర ‘ల్’ పొల్లు. పైనుంచి కిందిదాకా మూడంతస్తులు. హెడ్డింగు అక్షరం బిగువుగా కూర్చోవాలంటావు, ఒకే మందం అంటావు. అంత లావు ‘ర’ కింద అంతే లావు ‘న’ వత్తు పట్టుతుందా? పట్టిస్తే అక్కడ నల్ల ముద్ద తప్ప ఏం మిగలదు. పట్టించకుండా సన్నం చేస్తే నీ ఒకే మందం అబద్ధం.

శిష్యుడు: అబద్ధమే సార్. ఒప్పుకుంటున్నాను. ఇంగ్లీషు సాన్స్ సెరిఫ్‌లో ఒకే మందం అనే మాట తెలుగులో అక్షరాలా చెల్లదు. వత్తు గీత ప్రధానాక్షరం గీత కంటే సన్నగానే ఉండాలి, కన్ను ఆ తేడా పట్టనంత మేరకు. గుడి చుట్టూ, కొమ్ము మొదట్లో కూడా కాస్త తగ్గించాలి. చూడటానికి ఒకే మందంగా ఉండటం వేరు, కొలిస్తే ఒకే మందం రావడం వేరు. ఇంగ్లీషువాళ్లు కూడా అడ్డగీతను నిలువుగీత కంటే వెంట్రుకవాసి సన్నం చేస్తారు, మనం ఇంకాస్త ఎక్కువ చేస్తాం. ఎత్తు సంగతి వేరే. మూడంతస్తులను ఇంగ్లీషు వరుస ఎత్తులోకి కుదించడమే అసలు తప్పు. పక్కన ఇంగ్లీషు పేరుంటే దాని ఎత్తుకు తెలుగును సరిపెట్టడం మన బోర్డుల్లో చూస్తుంటాం. తెలుగు వరుసకు కావలసిన జాగా ముందు ఇచ్చి, ఇంగ్లీషును దానికి సర్దాలి. ఇక నాగర్‌కర్నూల్‌లో మీరు చెప్పనిది ఇంకొకటుంది. ‘ర్’కూ ‘క’కూ మధ్య కంటికి కనపడని విభజన గుర్తు కొట్టకపోతే కంప్యూటర్ ‘క’ను వత్తుగా మార్చి ‘నాగర్కర్నూల్’ చేస్తుంది. దానికి ఏ ఫాంటూ బాధ్యత వహించదు, టైపు కొట్టేవాడు చూసుకోవాలి.

సారు: పనిముట్టు దగ్గరికి మళ్లీ వస్తాను. కోణం అందంగా ఉన్నచోట దానికి ఒక కారణం ఉంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ కోహ్ 1923లో ‘నాయ్‌లాండ్’ చేశాడు. ముందుగా కాగితం మీద బొమ్మ గీసుకోకుండా నేరుగా లోహపు దిమ్మనే చెక్కాడు. ఆ మోటు కోణాలు లోహం, ఆకురాయి కలిసి ఇచ్చినవి. అది నిజాయితీ. నీకు కంప్యూటర్‌లో వంపు గీయడానికి ఎంత శ్రమో కోణం గీయడానికీ అంతే శ్రమ. అక్షరం కోసే మిషనుకూ రెండూ ఒకటే. పనిముట్టు కోరని కోణం వేషమే కదా. పైగా ఏ ఊళ్లో చూసినా ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి, వాటికి ఇంకొంచెం గట్టిగా అరిచే గొంతు అందిస్తానంటున్నావు.

శిష్యుడు: పనిముట్టు కోరకపోవచ్చు, చదివే దూరం కోరుతుంది. రోడ్డుకు అవతల నుంచి, కదిలే బస్సులోంచి, ఒక చూపులో అందాల్సిన పేరు అది. కోహ్‌కు లోహం ఎలాంటి హద్దో నాకు ఆ చూపు అలాంటి హద్దు. అదీగాక పనిముట్టు నిజాయితీ అంటే నాకు ఒక చిక్కుంది. ఆ లెక్కన ఇవాళ కంప్యూటర్‌లో గుండ్రంగా గీసే తెలుగు కూడా వేషమే అవ్వాలి, దానికి తాటాకూ లేదు, ఘంటమూ లేదు. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద నల్లటి లావు అక్షరాలు పెయింటర్లు ఎన్నాళ్లుగానో రాస్తున్నారు. చదరపు కుంచె మొదలు పెట్టినచోటా ఎత్తినచోటా మూల తిన్నగానే వస్తుంది. ఆ మూలను ఎవరూ పరాయిదనలేదు. అరుపు మాటకొస్తే, ఫ్లెక్సీ అరిచేది అక్షరం కోణం వల్ల కాదు. ఒకే బోర్డులో నాలుగు ఫాంట్లు, అక్షరానికి మూడు రంగుల అంచులు, వెనక నీడ, పక్కన పాతిక మొహాలు. నా అక్షరం ఒక్కటే రంగులో, చుట్టూ జాగా వదిలి పెట్టండి, అది అరవదు, గట్టిగా పలుకుతుందంతే. గద్వాల చీర అంచు మీద కోటకొమ్మ...

సారు: చీర జోలికి పోకు. కోటకొమ్మ అంచు మీద కోణాలుంటాయని నాకూ తెలుసు. అది నేత లెక్క. పోగు మీద పోగు ఎక్కితే మెట్టు మెట్టుగానే వస్తుంది. చీర అంచును ఎవరూ చదవరు.

శిష్యుడు: సరే, చీరను వదిలేశాను. ఇంకో షరతు నేనే పెడతాను. ఈ ఫాంటును చిన్న సైజులో వాడితే పాఠం ముళ్లకంపలా ఉంటుంది. హెడ్డింగు కింది వార్త కూడా దీంతోనే కూర్చేవాడు ఎక్కడో ఒకడు తప్పకుండా ఉంటాడు, నేను ఆపలేను. ఫాంటు పేరు పక్కన శీర్షికలకు మాత్రమే అని రాసి పెట్టగలను.

సారు: రాసి పెట్టినా చదవరు. సరే, మొత్తం ఫాంటు ఇప్పుడే నాకు చూపించకు. వనపర్తి ఒక్కటీ రాసి తీసుకురా, ‘వ’, ‘ప’ పక్కపక్కన కాకుండా మధ్యలో ‘న’ ఉన్నప్పుడు కూడా తేడా తెలియాలి. కింద ‘ర్తి’ ముద్ద కాకూడదు. దాన్ని రోడ్డుకు అవతల పెట్టి, కంటద్దాలు తీసేసి చదువుతాను. అప్పుడు గద్వాల రాద్దువుగాని. నాగర్‌కర్నూల్ మాత్రం ఇప్పుడే మొదలు పెట్టకు, ఆ పొల్లులతో నీకు చాలా పని ఉంది.